అందరికీ హెర్నియా అని చెప్పిన ఆపరేషన్

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలోని రాయగడ. వయసు 34. ఏప్రిల్ మొదట్లో విశాఖలో బరువు తగ్గే ఆపరేషన్, స్లీవ్ అంటారే, అది చేయించుకున్నాను. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 90. షుగర్ మాత్రలు ఆపేశారు, అంతవరకు బాగానే ఉంది. కానీ మూడు వారాలుగా ఏం తిన్నా వాంతి. నాలుగు రోజుల నుంచి మజ్జిగ కూడా సగం బయటికే వచ్చేస్తోంది. జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది. పాదాలు తిమ్మిరి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను. ఇక్కడ క్లినిక్‌లో రెండుసార్లు సెలైన్ ఎక్కించారు, ఆ పూటకి ఓపిక వస్తుంది, మళ్లీ మామూలే. రజో పండక్కి పక్కింటివాళ్లు ఇచ్చిన తీపి, పోడపిఠా, ఒక్క ముక్క తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి పడుకుండిపోయాను. అసలు సంగతి మా ఆయనకి, మా అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు, అత్తగారితో సహా అందరికీ హెర్నియా ఆపరేషన్ అని చెప్పాం. విశాఖ డాక్టరుగారికి ఫోన్ చేస్తే నువ్వే సరిగ్గా తినడం లేదంటారేమోనని భయం. ఈ ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశానా?

జవాబు:

చెల్లీ, తప్పొప్పుల సంగతి తర్వాత. ముందు ఈ ఒక్క పేరా చదివి, మిగతాది ఆసుపత్రి బల్ల మీద కూర్చుని చదువుకో. ఇవాళే, సోమవారమో పండగ అయ్యాకో కాదు, ఇవాళే మీ ఆయన్ని తీసుకుని జిల్లా పెద్దాసుపత్రికి వెళ్లు, నడవలేకపోతే 108కి ఫోన్ చెయ్యి. డ్యూటీలో ఉన్న డాక్టరుతో ఈ మాటలు ఇలాగే చెప్పు: "నాది హెర్నియా కాదు, బరువు తగ్గే ఆపరేషన్, స్లీవ్, ఫలానా తేదీన అయింది. మూడు వారాలుగా వాంతులు. పాదాలు తిమ్మిరి, నడక తూలుతోంది. గ్లూకోజు ఎక్కించే ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వాలేమో చూడండి."

నేను డాక్టర్ని కాను. బరంపురంలో ఉంటాను, ఎనిమిదేళ్ల క్రితం నేనూ ఇలాంటి ఆపరేషనే, బైపాస్ అనే రకం, చేయించుకున్నాను. ఆ బి1 మాట ఎందుకన్నానో చెప్తాను. బి1 అంటే థయామిన్. కొన్ని విటమిన్లలాగా దీన్ని ఒళ్లు నెలలకి నెలలు దాచుకోలేదు, మహా అయితే రెండు మూడు వారాల నిల్వ ఉంటుంది. నీ వాంతులు ఎన్ని వారాలవి? మూడు. పాదాల తిమ్మిరి, గోడ పట్టుకుని దిగడం, ఇవన్నీ వింటే నాకు మొదట తట్టేది అదే, కాకపోతే మంచిదే, కానీ కాదని తేల్చాల్సింది నువ్వూ నేనూ కాదు. తిన్న గ్లూకోజుని ఒళ్లు వాడుకోవాలంటే బి1 కావాలి, అది అడుగంటిపోయి ఉన్నప్పుడు ఉత్త గ్లూకోజు బాటిల్ పెడితే మిగిలిన ఆ కాస్తా దానికే ఖర్చయిపోతుంది, దెబ్బ మెదడుకీ నరాలకీ తగులుతుంది. ఒక వస్తువు రెండుగా కనపడటం, తాగినట్టు తూలడం, మాటలు తికమకగా రావడం ఆ దెబ్బకి గుర్తులు, ఆలస్యం చేస్తే వాటిలో కొన్ని జన్మంతా ఉండిపోతాయి. మనం ఏ బాటిల్ పెట్టినా సెలైన్ అనేస్తాం కదా, ఉప్పునీళ్లది వేరు, గ్లూకోజు కలిసింది వేరు. డీఎన్‌ఎస్ అని గానీ డెక్స్‌ట్రోజ్ అని గానీ రాసి ఉంటే అందులో గ్లూకోజు ఉన్నట్టే. వాంతులప్పుడు మాత్రలు నిలవవు, కాబట్టి బి1 కూడా సూదిరూపంలోనే కావాలి.

ఇదేదో కొత్తగా పుట్టిన జబ్బు అనుకోకు. తెల్లదొరల కాలంలో గంజాం నుంచి కిందికి ఉత్తర సర్కారుల కోస్తా అంతా బెరిబెరికి పేరుమోసింది, బెరిబెరి అంటే ఈ బి1 లేకపోవడమే. బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్లకి ఎక్కువగా వచ్చేది, ఉప్పుడు బియ్యం తినేవాళ్లకి తక్కువ, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడు పైపొరలో ఉన్న బి1 గింజ లోపలికి దిగుతుంది. మీ పక్కింటి ఒడియావాళ్ల ఉసునా అన్నాన్ని చూసి మనవాళ్లు మూతి తిప్పుతారు గానీ ఆ విషయంలో వాళ్లే తెలివైనవాళ్లు.

ఆ క్లినిక్ డాక్టరుగారిని తిట్టుకుంటున్నావేమో, ఆయన తప్పేం లేదు. హెర్నియా అన్నావు, వాంతులన్నావు. వాంతికి ఒక సూది, నీరసానికి ఒక బాటిల్, గ్యాస్‌కి ఒక మాత్ర. నువ్వు చెప్పిన కథకి ఆ వైద్యం సరిపోయింది, నీ కథే వేరు.

నవ్వకు, నా అబద్ధం గాల్‌బ్లాడర్. ఆడపడుచులు, తోటికోడళ్లు, వీధిలోవాళ్లు అందరికీ అదే చెప్పాను, రాళ్లు ఎన్ని వచ్చాయని అడిగితే ఏడు అని కూడా చెప్పాను! ఏడాదిన్నర బాగానే గడిచింది. ఒకసారి మోకాలి నొప్పి మొదలైతే మందుల షాపుకెళ్లి నొప్పి మాత్రలు తెచ్చుకున్నా, ఆ అబ్బాయి పాపం అడిగాడు కూడా, కడుపులో పుండ్లూ గట్రా ఏమైనా ఉన్నాయా అమ్మా అని, లేవన్నాను, ఆపరేషన్లేమైనా అయ్యాయా అంటే గాల్‌బ్లాడర్ అన్నాను. పదిరోజులు పూటకొకటి వేసుకున్నా. బైపాస్ అయినవాళ్లు ఆ జాతి నొప్పి మాత్రలు వేసుకోకూడదని నా డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా ఉంది. ఆ కాగితం ఎక్కడుంది? ఎవరి కంటా పడకూడదని బీరువాలో పట్టుచీరల కింద, పేపరు మడతల మధ్య. పెళ్లికి వెళ్దామని చీర లాగితే కాగితం జారి కిందపడింది, అప్పటికి మూడు రోజులుగా మలం తారులా నల్లగా వస్తోంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, నేనేమో ఐరన్ మాత్రల వల్ల అనుకుంటున్నా. ఆపరేషన్‌లో కడుపుకి పేగు కలిపినచోట పుండు పడి లోపల్లోపలే రక్తం కారిపోతోంది. మూడు బాటిళ్ల రక్తం ఎక్కించారు. పెళ్లికి ఆ చీర కట్టుకోలేదు, ఇప్పటికీ కట్టుకోలేదు.

అప్పట్నుంచి నా పర్సులో పెళ్లి శుభలేఖ వెనక అట్టముక్క ఒకటి ఉంటుంది, ఒకవైపు ఇంగ్లీషులో, ఇంకోవైపు ఒడియాలో. ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోన్ నంబరు. కింద మూడు ముక్కలు: నొప్పికి ఫలానా రకం మాత్రలు ఇవ్వొద్దు, గ్లూకోజుకి ముందు బి1, ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తే సర్జన్‌తో మాట్లాడకుండా వేయొద్దు. ఈ చివరిది నీకూ ముఖ్యం, కుట్లేసిన చిన్న కడుపులోకి గుడ్డిగా గొట్టం తోస్తే చిల్లు పడే ప్రమాదం ఉంది. నొప్పి మాత్రల సంగతి స్లీవ్‌కి ఎంతవరకు వర్తిస్తుందో మీ డాక్టరుని అడుగు, అడిగేదాకా పారాసిటమాల్ దాటొద్దు.

ఇప్పుడు విశాఖ ఫోన్. నువ్వే సరిగ్గా తినడం లేదంటారేమోనని భయమన్నావు. అననీ. అన్నాక ఏం చేస్తారు? పరీక్ష చేస్తారు, మనకి కావాల్సింది అదేగా. స్లీవ్‌లో కడుపులో ముప్పావు వంతుకి పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటిపండు ఆకారంలో గొట్టంలా కుడతారు. ఆ గొట్టం మధ్యలో వంపు తిరిగేచోట కొందరికి ఇరుకైపోతుంది. ముందు ఇడ్లీ, అన్నం దిగవు, తర్వాత పలచటివీ నిలవవు, నువ్వు రాసింది అచ్చం అలాగే ఉంది. ఎండోస్కోపీ చేసి చూస్తారు, ఇరుకు ఉంటే బెలూన్ పెట్టి సాగదీస్తారు, ఒక్కసారితో కాకపోతే రెండు మూడుసార్లు. చాలామందికి దాంతో సరిపోతుంది. అది కాకపోతే యాసిడ్ పైకి తన్నడం కావచ్చు, స్లీవ్ తర్వాత అది మామూలే. లేదా నిజంగానే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు కావచ్చు, బరువు గబగబా తగ్గినవాళ్లకి వస్తాయి, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే అది కూడా చెప్పు. (నాకు రాలేదు, అంత అబద్ధమాడినా.) రక్తంలో పొటాషియం, ఐరన్, బి12 ఇవన్నీ చూడమను.

ఇంకొకటి, మొహమాటం లేకుండా అడుగుతున్నా: నెల తప్పావా? ఏళ్ల తరబడి సరిగ్గా రాని నెలసరి బరువు తగ్గగానే దారిలో పడుతుంది, మనం గమనించం. వాంతులంటే ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి, ఉంటే డాక్టర్లకి చెప్పి తీరాలి. మామూలుగా ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు. వాంతుల్లో గర్భనిరోధక మాత్రలు కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు.

రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ ఎంతసేపో నీకు నేను చెప్పక్కర్లేదు, కానీ జిల్లా ఆసుపత్రిలో కాస్త నిలదొక్కుకున్నాకే ఎక్కు, లేదంటే వాళ్లనే పంపించమను. జ్వరం, ఉండుండి గుండె వేగంగా కొట్టుకోవడం, ఎడమ భుజంలోకి పాకే కడుపునొప్పి, పిక్క వాచి ఆయాసం రావడం, వాంతిలో రక్తం, పొద్దున్నుంచి మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనపడినా టికెట్ గురించి ఆలోచించకు, ఎక్కడుంటే అక్కడే దగ్గరి ఆసుపత్రి.

ఇక తిండి. డాక్టర్లు చూసేదాకా గట్టివేవీ నోట్లో పెట్టకు. వాంతి అయినకొద్దీ లోపల వాపు పెరుగుతుంది, వాపుతో ఇంకా వాంతి. వాళ్లు సరే అన్నాక మళ్లీ మొదటి వారంలోలా మొదలుపెట్టాల్సిందే, అందులో చిన్నతనం ఏం లేదు. నేను దగ్గుమందు సీసా మూత వాడేదాన్ని, ఆ గీతలున్న ప్లాస్టిక్ మూత. పది మిల్లీలీటర్లు పోసుకుని, గుటక వేసి, గోడ గడియారంలో రెండు నిమిషాలు ముల్లు తిరిగేదాకా ఆగి, మళ్లీ పది. గ్లాసు చేతిలో ఉంటే మన చెయ్యి ఊరుకోదు, ముప్ఫై ఏళ్ల అలవాటు, ఎత్తి పోసేస్తుంది. నా మొదటి ఇడ్లీ నాకు బాగా గుర్తు. సగం ఇడ్లీ, నలభై నిమిషాలు అనుకున్నా, మూడో ముద్దకి అత్తగారు పిలిస్తే గబుక్కున మింగేశాను. ఎదురురొమ్ములో రాయి పెట్టినట్టు ఇరుక్కుపోయింది, నోట్లో నీళ్లూరి, తిండి రాకుండా ఉత్త నురుగు, సబ్బు నురుగులా, గిన్నెడు వచ్చింది. నీకూ అలా నురుగు వస్తుంటే అది డాక్టరుకి చెప్పు, అన్నం వచ్చిందా, నురుగు వచ్చిందా, పసరు వచ్చిందా, తిన్న ఎంతసేపటికి వచ్చింది, వాళ్లకి ఈ తేడాలు కావాలి. ఫోన్‌లో రాసిపెట్టుకో.

పలచటి పెసరకట్టు, వడగట్టిన చోడి అంబలి, విరగ్గొట్టిన పాల మెత్తటి ఛెనా, తర్వాత్తర్వాత గుడ్డు. మన ఊళ్లలో ఉండటం వల్ల ఒక లాభం ఛెనా, ఏ మిఠాయి కొట్టుకెళ్లి తీపి కలపకముందు ఇమ్మన్నా ఇస్తారు, మెత్తగా దిగుతుంది, మాంసకృత్తులూ ఉంటాయి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పొడి మంచిదే గానీ అందులో చక్కెర కలుస్తుంది, చూసుకో. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ అని నీకు కాగితంలో రాసిచ్చే ఉంటారు, గుడ్డులో ఉండేది ఆరే, కాబట్టి పౌడరు లేకుండా మొదటి నెలల్లో అక్కడికి చేరడం కష్టం, అది ఖర్చే, ఆపరేషన్ డబ్బులు పోగేసేటప్పుడు ఈ ఖర్చు ఎవరూ లెక్కేయరు. తింటూ నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగాలి. అందుకే మన చద్దన్నం, వాళ్ల పఖాళ ఇప్పట్లో మర్చిపో, అన్నం, నీళ్లు ఒకేసారి వెళ్లి ఉన్న గుప్పెడు కడుపునీ నింపేస్తాయి, బలం ఏమీ ఉండదు.

పోడపిఠా సంగతి భయపడాల్సింది కాదు. బెల్లం, కొబ్బరి, పిండి. అంత తీపి ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగితే అది ఒంట్లో నీళ్లని లాక్కుంటుంది, చెమట, దడ, నీరసం. డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్లకి ఎక్కువ, స్లీవ్ వాళ్లకి తక్కువ, కానీ వస్తుంది. తిన్న గంటా రెండు గంటలకి చెయ్యి వణకడం, కళ్లు బైర్లు కమ్మడం అయితే అది షుగర్ పడిపోవడం, అది వేరు, అది చెప్పాలి. ఛెనాతో చేసే మిఠాయి ఛెనాపోడ మీద నాకున్న ప్రేమ ఎంతో మా ఇంట్లో అడగాలి, ఎనిమిదేళ్లలో నాలుగుసార్లు చెంచాతో రుచి చూశా, నాలుగుసార్లూ మంచమెక్కా.

జుట్టు ఊడుతుంది. మూడో నెల నుంచి ఆరో నెల దాకా దాదాపు అందరికీ ఊడుతుంది, ఏడాది తిరిగేలోపు చాలామందికి మళ్లీ వస్తుంది. ఇప్పుడు దానికోసం నూనెల మీద డబ్బు తగలేయకు.

అత్తగారి దగ్గరికొద్దాం, నీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే బరువుగా అనిపించింది అదే. ఆవిడ ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది, హెర్నియా ఆపరేషన్ అయిన కోడలు చిక్కిపోతోందని ఇంకో ముద్ద పెడుతుంటారు, నువ్వు కాదనలేక తింటావు, బాత్రూంలోకెళ్లి కుళాయి తిప్పి వాంతి చేసుకుంటావు. ఊహించి రాయడం లేదు, నేను చేసిందే. వీధి మొత్తానికి చెప్పక్కర్లేదు, నీ ఒళ్లు నీది, వాళ్లకి హెర్నియానే ఉండనీ. కానీ నీ పళ్లెంలో వడ్డించే చేతికి, నీకు సూది వేసే చేతికి, మాత్రలిచ్చే చేతికి, ఈ ముగ్గురికీ నిజం తెలియాలి. నువ్వు చెప్పలేకపోతే మీ ఆయన్ని చెప్పమను, వాళ్ల అమ్మే కదా. తిడతారు. డబ్బు తగలేశారంటారు, తిండి తగ్గించుకోలేక కడుపు కోయించుకుందంటారు, రెండు రోజులు మాట్లాడరు. మా అత్తగారు వారం మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వంటింట్లోంచి, నా వైపు చూడకుండానే, "పెసరకట్టులో ఉప్పెంత వేయాలి" అని అడిగారు.

తప్పు చేశావా అంటే, మూడు వారాలు వాంతులతో, నిద్రలేక, బి1 లేక తల పనిచేయని మనిషి ఆ లెక్క వేయలేదు. షుగర్ మాత్రలు ఆగిపోయాయని నువ్వే రాశావు, అది చిన్న విషయం కాదు. ఇంత బాధ ఉంటుందని ముందు సరిగ్గా చెప్పలేదని కోపముంటే ఆ కోపమూ న్యాయమే. రాత్రుళ్లు ఏడుపొస్తుంటే, బతకడం ఎందుకనిపిస్తుంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీమానస్ అంటారు, డబ్బులేం అడగరు. ఈ ఆపరేషన్ తర్వాత మనసు కుంగడం చాలామందికి ఉంటుంది, అది కూడా సర్జన్‌కి చెప్పాల్సిన లక్షణాల్లో ఒకటే. బాగయ్యాక, ఏడాది తర్వాత, ఆ ప్రశ్న మళ్లీ రాయి, అప్పుడు మాట్లాడుకుందాం.

బయల్దేరేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మాత్రల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకో. ఇంట్లో పాత శుభలేఖ ఏదో ఒకటి దొరుకుతుంది, నా అట్టముక్కలోలా దాని వెనక ఆ వివరాలన్నీ రాయి. చెయ్యి వణుకుతుంటే మీ ఆయన చేత రాయించు, ఒడియా వైపు అక్షరాలు పెద్దవిగా.